తాగుడు మాన్పే వైద్యం మా వాడకే రావాలి

‘తాగుబోతుకు మందెందుకు, బుద్ధి ఉంటే చాలదా?’ అంటారు ఊళ్లో పెద్దమనుషులు. కూలి డబ్బు దుకాణం పాలవుతుంటే చూసి చూసి విసిగిన ఇల్లాలూ మొదట్లో అదే అంటుంది. కాని ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుందో కళ్లారా చూసేది ఆమే. మర్నాటికే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు. కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి. ప్రాణమూ పోవచ్చు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడగానే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి రోగులు బారులు తీరారు. కల్తీ కల్లులోని మత్తుమందులకు అలవాటుపడ్డ పేదలూ వారిలో ఉన్నారు. ఇది బుద్ధి జబ్బు కాదు, ఒంటి జబ్బు.

మరి వైద్యం ఎవరికి అందుతోంది? 2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స దొరికింది. మిగతావాళ్లు మానాలని లేక ఊరుకున్నారా? కాదు. పట్నం ఆస్పత్రిలో పదిహేను రోజులుంటే మగవాడి కూలి పోతుంది, తోడుండే ఆడమనిషి కూలీ పోతుంది. ఇంట్లో పిల్లల్ని, గొడ్డును ఎవరు చూస్తారు? పైగా ‘పిచ్చాసుపత్రికి పోయొచ్చాడు’ అనే మాట.

ఇంటికొచ్చాక ఇంకో గండం. రోగికి కావలసింది నలుగురిలో మళ్లీ మర్యాద, చేతికి పని. ఇల్లాలికి కావలసింది దెబ్బల్లేని రాత్రి, చేతికందే కూలి డబ్బు. ఈ రెండూ వినకుండా మాత్రలిచ్చి పంపితే, దారిలోని దుకాణమే అతన్ని మళ్లీ పిలుస్తుంది. అప్పుడు ‘వైద్యం దండగ’ అని ఇద్దరూ అనుకుంటారు.

వేరే దారి లేకపోలేదు. తాగుడు వల్ల భర్తను పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ 1980లో మద్రాసులో చికిత్సా సంస్థ పెట్టారు. ఆ సంస్థ 1989లో తంజావూరు ప్రాంతంలోని మంజక్కుడి గ్రామానికే వెళ్లి శిబిరం నడిపింది. చోటు, తిండి ఊరివాళ్లు చూశారు. రోగితోపాటు ఇంటివాళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడారు. శిబిరం ముగిశాక కూడా విడిచిపెట్టలేదు.

మన నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారాపై తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో సర్కారు దాన్ని ఎత్తేసింది. దుకాణం మూయించడం ఒక పోరాటం. తాగినవాణ్ణి మనిషిగా నిలబెట్టడం ఇంకో పోరాటం. మొదటిది ఆడవాళ్లు చేసి చూపించారు. రెండోదాన్ని సంఘాలు భుజానికెత్తుకోవాలి.

మద్యం మీద ఖజానా నింపుకునే ప్రభుత్వం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఈ వైద్యం పెట్టాలి. చికిత్స రోజులకు రోగికీ, తోడున్న మనిషికీ కూలి కట్టివ్వాలి. కూలిరేట్ల కోసం అడిగే గొంతుతోనే ఇదీ అడుగుదాం!