కథ ముందే తెలిస్తే తప్పేంటి? స్టార్ వార్స్ ప్రీక్వెల్స్ తరఫున ఆళ్లగడ్డ నుంచి ఒక వాదన

స్టార్ వార్స్ ఫ్యాన్స్ గ్రూపులో 'నాకు ప్రీక్వెల్సే ఎక్కువ ఇష్టం' అని ఒక్క మెసేజ్ పెట్టి చూడండి. ఆ రోజంతా మీ మీదే మీమ్స్. నాకు ఈ అనుభవం చాలాసార్లు అయింది. అందుకే ఇవాళ ఫోన్ రివ్యూ పక్కనపెట్టి ఈ గొడవేదో తేల్చుకుందాం అనుకుంటున్నా.

తెలియనివాళ్ల కోసం చిన్న రీక్యాప్. 1977, 1980, 1983లో వచ్చిన మొదటి మూడు స్టార్ వార్స్ సినిమాల్లో విలన్ నల్ల మాస్కు డార్త్ వేడర్. అతను అంతకుముందు ఎవరు, అలా ఎలా తయారయ్యాడు అన్న కథని జార్జ్ లూకాస్ తర్వాత మూడు సినిమాలుగా తీశాడు: 'ది ఫాంటమ్ మెనేస్' (1999), 'అటాక్ ఆఫ్ ది క్లోన్స్' (2002), 'రివెంజ్ ఆఫ్ ది సిత్' (2005). వీటికి పడిన తిట్లలో ఎక్కువగా వినిపించేది ఒకటుంది. చివరికి ఏమవుతుందో తెలిసిన కథలో ఇంక చూడ్డానికి ఏముంది అని.

దీనికి జవాబు నాకు మా అవ్వ దగ్గర దొరికింది.

నంద్యాలలో బీటెక్ చదివే రోజుల్లో, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకి వచ్చే బస్సులో ఫోన్లో ముక్కలు ముక్కలుగా చూసిన సినిమాలివి. ఒకసారి సెలవుల్లో ఇంట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని మొదటినుంచి చూస్తుంటే, అవ్వ బుడ్డలు ఒలుస్తా పక్కన కూర్చుంది. తొమ్మిదేళ్ల అనకిన్‌ని చూసి 'ఎవురి పిల్లోడురా ఈడు?' అంది. 'పెద్దయినాక ఈడే విలన్ అవ్వా' అన్నా. అనేశాక నాలుక కరుచుకున్నా, స్పాయిలర్ ఇచ్చేశానే అని. ఆమె మాత్రం చేట పట్టుకుని ఇంకాస్త ముందుకు జరిగింది. 'ఇంత ముద్దుగుండాడు, అట్లెందుకైనాడో సూద్దాం ఉండు' అంది.

పాయింట్ అదే. మా వైపు సంక్రాంతి తర్వాత అహోబిలం నరసింహస్వామి పార్వేటకి బయల్దేరి, తన పెళ్లికి పిలవడానికి ఊరూరూ తిరుగుతాడు. పల్లకి ముందు నిలబడే జనంలో హిరణ్యకశిపుడి కథ క్లైమాక్స్ తెలియనివాళ్లు ఎవరుంటారు? ఆ విలన్‌కి ప్రీక్వెల్ కూడా ఉంది. వైకుంఠం వాకిట్లో కాపలా కాసే జయవిజయులే శాపం తగిలి హిరణ్యాక్ష హిరణ్యకశిపులై పుట్టారు. మనకి ముగింపు తెలిసే కథ వినడం అలవాటు. ఏమైంది అని కాదు, ఎట్లయింది అని వింటాం.

ఆ కళ్లతో అనకిన్‌ని చూడండి. తల్లి చనిపోతున్నట్టు కల వస్తుంది, కాపాడలేకపోతాడు. తర్వాత కడుపుతో ఉన్న భార్య పద్మే చనిపోతున్నట్టు కల వస్తుంది. ఈసారి ఎలాగైనా ఆపాలని పాల్పటిన్ పంచన చేరతాడు. అక్కడ్నుంచి అతను వేసిన ప్రతి అడుగూ ఆమెని ఆ చావు దగ్గరికే తీసుకెళ్తుంది. అవ్వకి సబ్‌టైటిల్స్ అక్కర్లేకపోయింది. 'కంసుడు గూడా అంతే గదా, ఆపాలని పోయి తెచ్చుకున్యాడు' అంది. నేను రెండేళ్లు ఇంటర్నెట్లో చదివిన విశ్లేషణలన్నీ ఆ ఒక్క మాట ముందు తేలిపోయాయి.

ఇంకో కంప్లయింట్: 'మొత్తం సెనేట్ మీటింగులే, బోరు.' సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు అసలు భయం వేసేది అక్కడే. పాల్పటిన్ కత్తి తీసి సింహాసనం ఎక్కలేదు. అవిశ్వాస తీర్మానంతో ఛాన్సలర్ అయ్యాడు, ఓటుతో ఎమర్జెన్సీ అధికారాలు తెచ్చుకున్నాడు, చప్పట్ల మధ్య చక్రవర్తి అయ్యాడు. మా టీమ్‌లో ఒకరికి 'ఈ ఒక్క వారానికే' అని ఇచ్చిన అడ్మిన్ యాక్సెస్ ఏడాదిన్నర తర్వాత కూడా అలాగే ఉంది. మీ ఫోన్లో టార్చ్ యాప్‌కి కాంటాక్ట్స్ పర్మిషన్ ఎందుకో ఎప్పుడైనా అడిగారా? క్లోన్ ఆర్మీ సంగతి ఇంకా ఘోరం. అసలు ఆర్డర్ వెనక ఎవరున్నారో తేలలేదు, అయినా యుద్ధం ముంచుకొచ్చేసరికి జెడైలు డెలివరీ తీసుకున్నారు. సోర్స్ కోడ్ చూడకుండా ప్రొడక్షన్‌లో పెట్టడమే ఇది. ఆర్డర్ 66 రూపంలో ఆ బ్యాక్‌డోర్ తెరుచుకుంది.

తప్పులు లేవా అంటే, బోలెడు. ఇసుక గురించి అనకిన్ చెప్పే ప్రేమ డైలాగ్ దగ్గర నేనూ ఫార్వర్డ్ కొడతా. మిడిక్లోరియన్లు అనవసరం. రెండు సినిమాల్లో అంత ధైర్యంగా కనిపించిన పద్మే, బతకాలనే కోరిక పోయి చనిపోయిందనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇవన్నీ తిట్టండి, పర్లేదు. కానీ తిట్లు సినిమా దగ్గర ఆగలేదు. జార్ జార్ బింక్స్‌గా నటించిన అహ్మద్ బెస్ట్, ఆ ద్వేషం తట్టుకోలేక ప్రాణం తీసుకోవాలనుకున్నానని 2018లో బయటపెట్టాడు. సినిమా నచ్చకపోతే టికెట్ డబ్బులు పోయాయని ఏడవాలి గానీ, ఒక మనిషిని ఆ అంచుదాకా నెట్టాలా? 2023లో 'ది మాండలోరియన్'లో అతను జెడైగా తిరిగొస్తే అదే జనం కేకలు పెట్టారు.

'రివెంజ్ ఆఫ్ ది సిత్' 20 ఏళ్లకి, 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లకి వచ్చింది. అది చూడ్డానికి వెళ్లినవాళ్లలో ముగింపు తెలియక వెళ్లినవాళ్లు ఎందరుంటారు?

చూడాలనుకుంటే పాత మూడూ ముందు చూసి, తర్వాత ఇవి చూడండి. 'ఫాంటమ్ మెనేస్' వదిలేయమనే లిస్టులు నెట్లో కనిపిస్తాయి, వినొద్దు. ఆ చిన్న పిల్లాణ్ని చూడకపోతే మూడో సినిమా సగమే తగులుతుంది. ఇంకో మాట, 'అటాక్ ఆఫ్ ది క్లోన్స్' పూర్తిగా డిజిటల్ కెమెరాలతో, 1080పీలో షూట్ చేసిన సినిమా. మీ కొత్త 4కే టీవీలో కాస్త మెత్తగా కనిపిస్తే సెట్టింగ్స్ కెలక్కండి, టీవీ బాగానే ఉంది.