ట్యాంక్ ఉక్కుని రాగి కరిగించదు, పక్కకి తోసేస్తుంది: నాగ్ మిసైల్ వెనక ఉన్న ఫిజిక్స్

యాంటీ ట్యాంక్ మిసైల్స్ మీద వచ్చే వీడియోల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది: "కరిగిన రాగి ఆ వేడికి ట్యాంక్ ఉక్కుని కూడా కరిగించి లోపలికి దూరిపోతుంది." వినడానికి బాగానే ఉంటుంది. కానీ జరిగేది అది కాదు.

మన హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌లో డిజైన్ అయిన నాగ్ మిసైల్‌నే తీసుకుందాం. దాని ముందు భాగంలో ఉండేది షేప్డ్ ఛార్జ్. అంటే పేలుడు పదార్థం ముందు భాగంలో గరాటు ఆకారంలో గుంట, ఆ గుంటకి లోపల పల్చటి లోహపు తొడుగు. ఈ తొడుగు చాలావరకు రాగిదే ఉంటుంది. పేలుడు ఒత్తిడికి ఆ గరాటు తనలోకి తానే నలిగి, మధ్యలోంచి సన్నటి రాగి తీగలా ముందుకి దూసుకొస్తుంది. దీన్నే జెట్ అంటారు.

జెట్ కొన వేగం సెకనుకి సుమారు 8 కిలోమీటర్లు. ఆ లెక్కన రాజాం నుంచి వైజాగ్‌కి పావు నిమిషం కూడా పట్టదు! అయినా జెట్ వేడి, రాగి కరిగే 1085 డిగ్రీల కంటే బాగా తక్కువే. అంటే రాగి ఘనరూపంలోనే ఉంటుంది.

మరి ఉక్కులో రంధ్రం ఎలా పడుతుంది?

ఇసుక కుప్ప మీదకి పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి. నీళ్లు ఇసుకని పక్కకి తోసుకుంటూ గుంట చేస్తాయి, తాము కూడా చెల్లాచెదురైపోతాయి. ఇక్కడా అంతే. తగిలిన చోట ఒత్తిడి ఉక్కు బలానికి పదుల రెట్లు ఉంటుంది. అంత ఒత్తిడిలో ఉక్కు గట్టిదనం లెక్కలోకే రాదు. రాగి, ఉక్కు రెండూ ద్రవాల్లా ప్రవర్తిస్తాయి.

అసలు ట్విస్ట్ ఫార్ములాలో ఉంది

రంధ్రం లోతు = జెట్ పొడవు × (జెట్ సాంద్రత ÷ కవచం సాంద్రత)కి వర్గమూలం.

గమనించారా? ఇందులో స్పీడ్ లేదు! వేగం ఒక హద్దు దాటితే చాలు, ఆ తర్వాత లెక్కకొచ్చేవి పొడవు, సాంద్రతే. బోర్డు మీద రాసేకొద్దీ సుద్దముక్క అరిగిపోయినట్టు, జెట్ కూడా లోపలికి వెళ్లేకొద్దీ ఖర్చైపోతుంది. 30 సెంటీమీటర్ల రాగి జెట్ ఉక్కులో సుమారు 32 సెంటీమీటర్లు వెళ్తుంది. అదే పొడవున్న అల్యూమినియం జెట్ 18 దాటదు. రాగిని ఎందుకు వాడతారో ఇప్పుడు అర్థమైందిగా.

స్పీడ్ పాత్ర ఇంకోచోట ఉంది. జెట్ కొన వేగంగా, తోక నెమ్మదిగా వెళ్తాయి కాబట్టి జెట్ సాగుతూ పొడవెక్కుతుంది. మరీ సాగితే మాత్రం ముక్కలై, వరస తప్పి, పదును పోతుంది.

కవచం వైపు నుంచి చూస్తే

కవచం చేసేవాళ్లు పట్టుకున్నది ఈ బలహీనతనే: జెట్‌ని చెదరగొట్టాలి. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్‌ఎల్ చేసిన కవచానికి ఆ ఊరి పేరు మీదే 'కంచన్' అని పేరు పెట్టారు. అర్జున్ ట్యాంక్‌కి ఉన్నది ఇదే. ఇలాంటి కాంపోజిట్ కవచాల్లో ఉక్కుతో పాటు సిరామిక్ లాంటివి పొరలుగా ఉంటాయి. ఇంకోరకం ఎక్స్‌ప్లోజివ్ రియాక్టివ్ ఆర్మర్. జెట్ తగలగానే దాని పలకలు ఎగిరి జెట్‌కి అడ్డంగా కదులుతాయి.

దానికి నాగ్ సమాధానం రెండు ఛార్జ్‌లు. మొదటిది ఆ పలకల్ని ముందే పేలుస్తుంది, రెండోది అసలు పని చేస్తుంది. పైగా నాగ్ ట్యాంక్ పైకప్పు మీద దిగగలదు. అక్కడ కవచం పల్చన.

చివరగా ఒక్క మాట. మెగాపిక్సెల్స్ ఒక్కటే చూసి కెమెరా ఫోన్ కొనం కదా? మిసైల్ స్పెక్ షీట్‌లో "ఇన్ని మిల్లీమీటర్లు చీలుస్తుంది" అని కనిపించినా అంతే. ఆ నంబర్ మామూలు ఉక్కు లెక్కలో చెప్పేది. ఎదురుగా ఉన్న కవచం ఏంటో తెలియకుండా దాన్నిబట్టి గెలుపోటములు తేల్చలేం. ఆ లోహం వెనక మనుషులు కూర్చుని ఉంటారు. వాళ్ల ప్రాణం నిలిచేది, జెట్ ఎంత తొందరగా చెదిరిపోతుందన్న దాని మీదే.