ట్యాబ్ మీకు పాఠం చెబుతుంది సరే, మీ గురించి ఏం నేర్చుకుంటోంది?

2022 డిసెంబర్ 21న ఏపీ ప్రభుత్వం తన బడుల్లో చదివే 8వ తరగతి పిల్లలకు శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్ పంచడం మొదలుపెట్టింది. 8.7 అంగుళాల స్క్రీన్, 5100 ఎంఏహెచ్ బ్యాటరీ, లోపల ముందే లోడ్ చేసిన బైజూస్ పాఠాలు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఏర్పడిన పల్నాడు జిల్లా పిల్లలకు హార్డ్‌వేర్ పరంగా ఇది మంచి విషయమే. కానీ వీడియో పాఠం అందరికీ ఒకటే. పర్సనలైజ్డ్ లెర్నింగ్ కథ వేరు.

ఎలా పనిచేస్తుంది?

మాచర్లలో ఓ 9వ తరగతి కుర్రాడు భిన్నాల లెక్కలో తప్పు చేశాడనుకోండి. సాఫ్ట్‌వేర్ ఆ తప్పు ఏ రకమో చూసి, అవసరమైతే 6వ తరగతి పాఠానికి తీసుకెళ్తుంది. ఇది ఉత్త మార్కెటింగ్ కాదు. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ మీద జరిగి 2019లో అచ్చయిన అధ్యయనంలో, నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో పిల్లలు బాగా ముందుకొచ్చారు. ఏపీలోనూ కొన్ని ప్రభుత్వ బడుల్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ వాడుతున్నారు.

మరి ఇబ్బంది ఎక్కడ?

లెవెల్ కనిపెట్టాలంటే ప్రతి ట్యాప్, ప్రతి తప్పు, ఎంతసేపు ఆలోచించాం అన్నది రికార్డు అవ్వాలి. 2022లో హ్యూమన్ రైట్స్ వాచ్ 49 దేశాల్లో 164 ఎడ్‌టెక్ ప్రొడక్ట్స్ పరిశీలిస్తే, 89 శాతం పిల్లల హక్కులకు ముప్పు తెచ్చేలా డేటాను వాడుతున్నాయని తేలింది. మన దీక్షా యాప్ కూడా ఆ లిస్టులో ఉంది.

రెండోది ముద్ర. యాప్ ఒకసారి 'వీక్' అంటే ఈజీ ప్రశ్నలే ఇస్తూ పోతే, పిల్లాడు అక్కడే ఆగిపోతాడు. టీచర్ అయితే జ్వరమొచ్చిందనో, మిర్చి కోతలకు వెళ్లి బడి మానాడనో కనుక్కుంటారు. యాప్‌కు కనిపించేది తప్పు సమాధానమే.

మూడోది, కంపెనీ మునిగితే? 2024 జులైలో బైజూస్ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ట్యాబ్ మన చేతిలోనే ఉంటుంది, కానీ అప్‌డేట్స్, సర్వర్‌లో డేటా మన చేతిలో ఉండవు.

చట్టం ఏమంటోంది?

2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం ప్రకారం, 18 ఏళ్లలోపు వారి డేటాకు తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. పిల్లలకు టార్గెటెడ్ యాడ్స్ చూపించకూడదు. అయితే 2025 నవంబర్‌లో వచ్చిన రూల్స్, చదువు కోసం చేసే ట్రాకింగ్‌కు విద్యాసంస్థలకు కొంత మినహాయింపు ఇచ్చాయి. పైగా గురజాల పక్క ఊళ్లో కూలికెళ్లే అమ్మకు ఇంగ్లిష్‌లో పాలసీ చూపించి 'ఓకే' కొట్టిస్తే, అది సమ్మతి అవుతుందా?

ఇంట్లో తమ్ముడికో చెల్లికో ఇలాంటి యాప్ వేసేముందు ఇవి చూడండి:

- లొకేషన్, కాంటాక్ట్స్, మైక్ పర్మిషన్లు ఆఫ్ చేసినా పాఠం నడుస్తుందా?
- అకౌంట్‌తో పాటు డేటా కూడా డిలీట్ చేసే ఆప్షన్ ఉందా?
- ఏ లెవెల్‌లో పెట్టారో, ఎందుకో చూపిస్తుందా? మార్చుకోవచ్చా?
- నెట్ లేకపోయినా పనిచేస్తుందా?

ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏంటి అని అడగడం మనకు అలవాటే. ఈ నాలుగూ కూడా ఆ లిస్టులో చేర్చుకోండి.