పిలిస్తే తిరిగొచ్చే కుక్కకు ఏ బెల్టు కట్టాలి?

మూగజీవికి విద్య నేర్పడం చిన్న విషయం కాదు. దివ్య ఖుర్‌ఆన్‌లోని 5వ సూరా అల్ మాయిదా, 4వ వాక్యంలో వేటకుక్కల శిక్షణ ప్రస్తావన ఉంది. శిక్షణ పొందిన జంతువు యజమాని కోసం పట్టినది ధర్మసమ్మతమని, దానిపై అల్లాహ్ నామం ఉచ్చరించాలని ఆ వాక్యం తెలుపుతుంది. జంతువుకు మనిషి నేర్పే విద్య కూడా అల్లాహ్ మనిషికి నేర్పినదేనని అక్కడే గుర్తు చేస్తుంది. ఈ మాటను మనసులో ఉంచుకుని నేడు అంగళ్లలో, తపాలాలో దొరుకుతున్న ఒక కొత్త వస్తువును పరిశీలిద్దాం. అదే కుక్క మెడకు కట్టే ఎలక్ట్రానిక్ బెల్టు.

దీన్ని 1960ల చివరలో అమెరికాలో వేటకుక్కల కోసం తయారుచేశారు. యజమాని చేతిలో ఒక రిమోట్, కుక్క మెడకు ఒక పెట్టె ఉంటాయి. ఆ పెట్టెకున్న రెండు లోహపు మొనలు చర్మాన్ని తాకుతుంటాయి. మీట నొక్కితే బీప్ శబ్దమో, ఫోను వణికినట్టు వణుకో, లేక కరెంటు షాకో కుక్కకు తగులుతుంది. దూరంగా పరుగెడుతున్న కుక్కను ఆపడానికి ఇది సులువైన దారిగా కనిపిస్తుంది.

వేట కన్నా ముందు చట్టం

దివిసీమలో, ముఖ్యంగా నాగాయలంక ప్రాంతంలో, ఈ బెల్టు కొనాలనుకునేవారు మొదట ఒక ప్రశ్న వేసుకోవాలి. మన కుక్కతో మనకున్న పని ఏమిటి? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన దేశంలో వేటను నిషేధించింది. కుందేలైనా, అడవిపందైనా ఆ చట్టం రక్షణలో ఉన్నవే. తుపాకీ పేల్చడం ఒక్కటే వేట కాదు. కుక్కలతో తరమడం, ఉచ్చు పన్నడం కూడా వేట కిందికే వస్తాయి. పైగా నాగాయలంకకు దిగువన, కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఉంది. అక్కడి మడ అడవుల్లో చేపలు పట్టి బతికే బావురుపిల్లి తిరుగుతుంది. చట్టం అత్యున్నత రక్షణ ఇచ్చిన జంతువుల్లో అది ఒకటి. సముద్రపు ఒడ్డున తాబేళ్లు గుడ్లు పెడతాయి. యజమాని మాట వినని కుక్క ఒక్క రాత్రిలో ఆ గుంటలు తవ్వి పాడు చేయగలదు.

వేట నిషిద్ధమైన నేల ఉండటం ముస్లింలకు కొత్త కాదు. మక్కా హరమ్‌లో వేటజంతువును చంపడం మాట అటుంచి, దాన్ని బెదరగొట్టడం కూడా తగదని దైవప్రవక్త (స) బోధించారు. ఇహ్రామ్ ధరించిన హాజీకి నేలమీది వేట నిషిద్ధం. వేట మనకు అనుమతి మాత్రమే, విధి కాదు. కనుక దేశ చట్టం దాన్ని ఆపినప్పుడు మానుకోవడంలో మన ధర్మానికి ఏ లోటూ రాదు.

అలాగని కుక్కకు పని లేకుండా పోలేదు. వేట, పశువుల కాపలా, పొలం కాపలా అవసరాల కోసం కుక్కను పెంచుకోవచ్చని హదీసులు తెలుపుతున్నాయి. ఈ అవసరాలేవీ లేకుండా పెంచేవారి పుణ్యంలో ప్రతిరోజూ కొంత తగ్గుతుందని కూడా హెచ్చరిక ఉంది. రొయ్యల చెరువు గట్టు, వరి పొలం, మేకల మంద, వీటి కాపలా నిజమైన అవసరమే. ఆ కుక్కను ఇంట్లోకి రానివ్వకపోవడం, అది మూతి పెట్టిన గిన్నెను కడిగి శుద్ధి చేసుకోవడం మన ఇళ్ల పద్ధతి. అయితే దూరంగా ఉంచడం వేరు, బాధపెట్టడం వేరు. దాహంతో ఉన్న కుక్కకు తన జోడుతో నీళ్లు తోడిపోసిన స్త్రీని అల్లాహ్ మన్నించిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు.

శిక్షణ అంటే ఏమిటి?

హజ్రత్ అదీ బిన్ హాతిమ్ (రజి) ప్రశ్నకు దైవప్రవక్త (స) ఇచ్చిన సమాధానం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అల్లాహ్ పేరుతో వదిలిన కుక్క పట్టినది తినవచ్చు. కుక్క అందులోంచి తింటే మాత్రం అది తన కోసమే పట్టుకున్నట్టు, కనుక దాన్ని వదిలేయాలి. హనఫీ పండితుల్లో ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్‌లు దీనికి ఒక లెక్క చెప్పారు. కుక్క మూడుసార్లు వేటను తినకుండా వదిలితేనే అది శిక్షణ పొందినట్టు. ఇమామ్ అబూ హనీఫా సంఖ్య పెట్టకుండా తెలిసినవారి అంచనాకు వదిలారు.

కుక్క దెబ్బకు ఓర్చుకోగలదని ఆ పండితులకూ తెలుసు. అయినా వారు పెట్టిన పరీక్ష దెబ్బ తగిలిందా అని కాదు, నేర్చుకుందా అని. ఎదుట మాంసం ఉన్నా యజమాని కోసం ఆగిందా అని. ఈ కొలతతో చూస్తే బెల్టు ఉన్నంతసేపు ఆగి, బెల్టు తీయగానే మేకపిల్ల వెంటపడే కుక్క శిక్షణ పొందినది కాదు.

నేటి పరిశోధనలూ ఇదే వైపు చూపుతున్నాయి. ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయం వారు 2014లోనూ, 2020లోనూ ప్రచురించిన అధ్యయనాల్లో, తిండి బహుమతిగా ఇచ్చి నేర్పిన కుక్కలకన్నా ఈ బెల్టుతో నేర్పిన కుక్కలు మెరుగ్గా మాట విన్నట్టు తేలలేదు. 2004లో నెదర్లాండ్స్‌లో జరిగిన మరో పరిశీలనలో, షాక్ తిన్న కుక్కలు శిక్షకుడు దగ్గరుంటేనే నొప్పి వస్తుందని నేర్చుకున్నట్టు కనిపించింది. వేల్స్ ప్రభుత్వం 2010లోనే ఈ బెల్టుల వాడకాన్ని నిషేధించింది. మన దేశంలో 1960 నాటి చట్టం ప్రకారం జంతువుకు అనవసరమైన బాధ కలిగించడం నేరం.

ఇందులో ఇంటివారికీ ప్రమాదం ఉంది. షాక్ ఎందుకు తగిలిందో కుక్కకు తెలియదు. ఆ క్షణాన ఎదురుగా సైకిలు మీద వస్తున్న పిల్లవాడు కనిపిస్తే, ఆ నొప్పి ఆ పిల్లవాడి వల్లే వచ్చిందని అది అనుకోవచ్చు. రేపు ఆ పిల్లవాణ్నే కరవవచ్చు.

కొనేవారు చూడవలసినవి

అయినా బెల్టు కావాలనుకునేవారు షాక్ లేకుండా బీప్, వణుకు మాత్రమే ఉన్నదాన్ని ఎంచుకోవడం మేలు. కుక్క ఎక్కడుందో మాత్రమే చూపే జీపీఎస్ బెల్టులు వేరుగా దొరుకుతాయి. పెట్టెపై రాసిన దూరం అడ్డులేని బయలుకు చెప్పినది. మడచెట్ల మధ్య అంత దూరం అందదు. మన చెరువుల్లోని ఉప్పునీరు లోహాన్ని తినేస్తుంది కనుక నీరు చొరని రకమే తీసుకుని, ప్రతిసారీ మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. బెల్టుకూ మెడకూ మధ్య రెండు వేళ్లు దూరాలి. రోజంతా ఉంచితే మొనల ఒరిపిడికి మెడ పుండవుతుంది. రాత్రిపూట తప్పక తీసేయాలి. రిమోట్ పిల్లల చేతికి ఇవ్వరాదు.

తాడు, ఈల, మాంసం ముక్క

వీటన్నిటికన్నా చౌకైన దారి మన చేతిలోనే ఉంది. మామూలు బెల్టుకు పది మీటర్ల తాడు కట్టండి. అలికిడి లేని గట్టు మీద పేరుపెట్టి పిలవండి, లేదా ఎప్పుడూ ఒకే రకంగా ఈల వేయండి. కుక్క మీవైపు రాగానే చిన్న మాంసం ముక్క పెట్టండి. రోజుకు పది నిమిషాలు చాలు. కొన్ని వారాల తర్వాత బాతులు, మేకలు కనిపించే చోట తాడుతోనే నేర్పండి. అక్కడ కూడా తప్పకుండా వస్తున్నప్పుడే తాడు విప్పండి. ఆలస్యంగా వచ్చిన కుక్కను ఎన్నడూ కొట్టవద్దు. కొడితే, దగ్గరికి వెళ్తే దెబ్బలు తప్పవన్నదే దానికి పాఠమవుతుంది. ఏటా రేబిస్ టీకా వేయించడం మరవకూడదు.

ఆకలి, అధిక శ్రమ గురించి ఒక ఒంటె పెట్టుకున్న మొర విని, మూగజీవుల విషయంలో అల్లాహ్‌కు భయపడమని దైవప్రవక్త (స) దాని యజమానిని హెచ్చరించారు. చెరువు గట్టున రాత్రంతా మేలుకుని మన సొత్తు కాచే ప్రాణి కూడా మనకు అప్పగించిన అమానతే. బెల్టు ఏదైనా, దాన్ని విప్పిన తర్వాత కూడా పిలుపు విని తోక ఊపుతూ వచ్చేలా కుక్కకు నేర్పుదాం. అలా నేర్పే ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక!