గేమ్‌లో గుర్రం... ఛార్టుల్లో నంబర్‌వన్!

కెమెరా లేదు. నటీనటులు లేరు. ఎక్కడానికి అసలు గుర్రమే లేదు! ఓ వీడియోగేమ్‌లోంచి తీసుకున్న దృశ్యాలు, 30 డాలర్లకు కొన్న బీట్, దానిమీద ఓ కుర్రాడి ర్యాప్... అంతే. 2018 డిసెంబరులో యూట్యూబ్‌లోకి వచ్చిన ఆ వీడియో కొద్దినెలల్లోనే అమెరికా సంగీత ప్రపంచాన్ని పెద్ద వాదనలోకి దింపింది. ఆ పాటే ‘ఓల్డ్ టౌన్ రోడ్’.

పాడిన కుర్రాడి అసలు పేరు మాంటెరో లమార్ హిల్. రంగస్థలం మీద లిల్ నాస్ ఎక్స్. అట్లాంటా దగ్గర పెరిగిన ఈ నల్లజాతి యువకుడికి అప్పటికి 19 ఏళ్లు. పాటలమీద మోజుతో కాలేజీ మానేశాడు. సోదరి ఇంట్లో ఉంటూ రోజంతా ఇంటర్నెట్‌లో జోకులూ మీమ్‌లూ పెట్టేవాడు. చూసేవాళ్లకి ఆ పని కాలక్షేపమే. అతనికి మాత్రం అదో బడి. జనం దేనికి నవ్వుతారో, దేన్ని పదిమందికీ పంపుతారో అక్కడే నేర్చుకున్నాడు.

ఎవరిదో బీట్... ఎవరిదో మోత!
ఆ పాటకి వాడిన బీట్ నెదర్లాండ్స్‌లో ఉండే యంగ్‌కియో అనే మరో టీనేజరుది. బీట్‌లు అమ్మే ఓ వెబ్‌సైట్లో పెడితే లిల్ నాస్ ఎక్స్ 30 డాలర్లకు కొన్నాడు. అంటే అప్పటి లెక్కలో రమారమి 2,100 రూపాయలు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆ బీట్‌లో వినిపించే తీగల మోత కూడా అరువు తెచ్చుకున్నదే. ‘నైన్ ఇంచ్ నెయిల్స్’ అనే రాక్ బృందం 2008లో విడుదల చేసిన ఆల్బమ్‌లోది. దానిమీద అన్నీ వదిలేసి గుర్రమెక్కి పోయే ఒంటరి కౌబాయ్ కథని ర్యాప్‌గా అల్లాడు మనవాడు. నిడివి రెండు నిమిషాలు కూడా లేదు.

పాట సరే, వీడియో సంగతేంటి? దానికి దారి చూపింది ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’. రాక్‌స్టార్ సంస్థ 2018 అక్టోబరు 26న విడుదల చేసిన గేమ్ అది. మొదటి మూడురోజుల్లోనే 72.5 కోట్ల డాలర్ల వ్యాపారం చేసింది. 1899 నాటి అమెరికా పశ్చిమ ప్రాంతం, కొండలు, పచ్చిక బయళ్లు, మైళ్లకొద్దీ గుర్రపుస్వారీ... పాటకి కావలసిన సరంజామా అంతా అందులో సిద్ధంగా ఉంది. తాము ఆడిన గేమ్ దృశ్యాలకి పాట జోడించి ఇంటర్నెట్‌లో పెట్టడం గేమర్లకు ఎప్పట్నుంచో అలవాటే. లిల్ నాస్ ఎక్స్ దాన్ని తిరగేశాడు. తన పాటకి గేమ్ దృశ్యాల్ని జోడించాడు. పాటను నలుగురి చెవినా వేయడానికి నెలల తరబడి తనే దానిమీద మీమ్‌లు తయారుచేసి వదిలాడు.

టోపీ పెట్టు... వీడియో తియ్యి!
2019 తొలినాళ్లలో ఆ పాట టిక్‌టాక్‌లోకి చేరింది. ఇక ఆగలేదు. మామూలు బట్టల్లో నిలబడ్డ అమ్మాయో అబ్బాయో బీట్ మారగానే ఒక్క గెంతు గెంతుతారు. మరుక్షణం తలమీద టోపీ, కాళ్లకు బూట్లు... పక్కా కౌబాయ్! ఈ సరదా లక్షల వీడియోలకు పాకింది. 2020 జూన్‌లో నిషేధం పడేవరకూ మన దగ్గర కూడా టిక్‌టాక్‌లో ఇలా చిటికెలో వేషం మార్చే వీడియోలకి ఎంత గిరాకీ ఉండేదో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. లిల్ నాస్ ఎక్స్ తన పాటను ‘కంట్రీ’ సంగీతం కింద నమోదుచేశాడు. కంట్రీ అంటే అమెరికా పల్లెపాటల్లోంచి పుట్టి, ఎక్కువగా తెల్లజాతి గాయకుల సొత్తుగా పేరుపడ్డ సంగీతం. 2019 మార్చిలో పాట బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ జాబితాలో 19వ స్థానంలో చేరింది. ఆ వెంటనే బిల్‌బోర్డ్ దాన్ని తీసేసింది. నేటి కంట్రీ లక్షణాలు అందులో చాలినన్ని లేవన్నది వాళ్ల వివరణ.

ఆ మాట చాలామందికి మింగుడుపడలేదు. తెల్లజాతి కంట్రీ గాయకులు ర్యాప్ బీట్‌లు వాడితే రాని అభ్యంతరం నల్లజాతి కుర్రాడు టోపీ పెట్టుకుంటే ఎందుకొచ్చింది? నిజానికి పాతకాలపు కౌబాయ్‌లలో నలుగురిలో ఒకరు నల్లజాతివారని చరిత్రకారుల అంచనా. కంట్రీ పాటల్లో మోగే బాంజో వాద్యం కూడా ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చినవాళ్ల చేతుల్లో పుట్టిందే. సినిమాలు వాళ్లని తెరమీద చూపించలేదు, అంతే. ప్రశ్న ఒక పాటని దాటిపోయింది. ఏ పాట ఎవరిదో తేల్చేదెవరు? జాబితాలు రాసేవాళ్లా, వినేవాళ్లా?

వినేవాళ్లు తేల్చేశారు!
కంట్రీలో పేరున్న గాయకుడు బిల్లీ రే సైరస్ ముందుకొచ్చి గొంతు కలిపాడు. ఆ కొత్త రూపం 2019 ఏప్రిల్ 5న వచ్చింది. పాట అన్నిరకాల సంగీతానికీ వర్తించే ‘హాట్ 100’ జాబితాలో మొదటి స్థానానికి ఎక్కి, వరుసగా 19 వారాలు దిగలేదు. అంతకుముందు ఏ పాటా 16 వారాలు దాటలేదు. గేమ్ దృశ్యాలతో మొదలైన పాటకు మే నెలలో నిజం గుర్రాలతో వీడియో వచ్చింది. 2020 జనవరిలో 2 గ్రామీ అవార్డులు దక్కాయి. అందులో ఒకటి ఆ వీడియోకే. అంతకుముందే, 2019లో, కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ కూడా ఓ పురస్కారం ఇచ్చింది. నైన్ ఇంచ్ నెయిల్స్ కళాకారుల పేర్లు రచయితల జాబితాలో చేరాయి. యంగ్‌కియో పేరూ ప్రపంచానికి తెలిసింది.

కంట్రీ జాబితాలోకి మాత్రం ఆ పాట తిరిగి రాలేదు. కానీ తలుపు అలాగే మూసుకుపోలేదు. 2024లో బియాన్సే పాట, ఆ వెంటే ర్యాప్ కలిపి పాడే షబూజీ పాట అదే కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి చేరాయి. ఇద్దరూ నల్లజాతివారే. షబూజీ పాటైతే ‘హాట్ 100’లోనూ 19 వారాలు మొదటి స్థానంలో నిలిచి ‘ఓల్డ్ టౌన్ రోడ్’ సరసన చేరింది. గేమ్‌లోని ఆ గుర్రం వెళ్లిన దారిలో ఇప్పుడు మరికొన్ని గుర్రాలు పరుగెడుతున్నాయి!