గాల్లోకి కాల్చిన తూటా ఎక్కడికి పోతుంది?

షాదీల సీజన్‌లో బరాత్ బయల్దేరి మర్ఫా జోరుగా మోగుతుంటే, ఒక్కోసారి ఎవరో ఒకరు నడుములోంచి పిస్తోలు తీస్తారు. ఆకాశం వైపు రెండు రౌండ్లు పేలుస్తారు. పక్కనున్నోళ్లు ఫోన్లో వీడియో తీస్తారు. ‘‘గాల్లోకే కదా, ఎవరికి తగుల్తది?’’ అని అడిగితే జవాబు ఒక్కటే: తగుల్తది.

పైకి పోయిన తూటా మళ్లీ కిందికి రావాల్సిందే. గాలి అడ్డుపడడంతో మొదటున్న వేగం మిగలదన్న మాట నిజమే. అమెరికా సైనికాధికారి జూలియన్ హాచర్ 1920 ప్రాంతంలో ఫ్లోరిడాలో దీన్ని పరీక్షించి చూశారు. నిట్టనిలువుగా కాల్చిన రైఫిల్ తూటా సెకనుకు సుమారు 90 మీటర్ల వేగంతో తిరిగొచ్చింది. అంటే గంటకు 320 కిలోమీటర్లు. తలకు తగిలితే ప్రాణం పోవడానికి అది చాలు.

పైగా బరాత్‌లో నిట్టనిలువుగా కాల్చేదెవరు? ఆడుతూ, ఊగుతూ చెయ్యి వాలుగా పెడతారు. అలా పోయిన తూటా ఇంకా ఎక్కువ వేగంతో దూరంగా పడుతుంది. చిన్నదనుకునే పాయింట్ 22 తూటా కూడా కిలోమీటరున్నర దాకా పోగలదు. చార్మినార్ దగ్గర నిలబడి లెక్కేస్కోండి. లాడ్ బజార్, మక్కా మసీదు, మదీనా చౌరస్తా అన్నీ ఆ దూరంలోపలే ఉన్నాయి. మిద్దె మీదికెక్కి బరాత్ చూసే పిల్లలైతే ఇంకా దగ్గరే.

‘‘నాకు లైసెన్స్ ఉంది’’ అనే మాట ఇక్కడ పనికిరాదు. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, వేడుకల్లో కాల్పులను ప్రత్యేకంగా నేరం చేశారు. ఎవరికీ గాయం కానక్కర్లేదు. ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చేలా కాలిస్తే చాలు, రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఎవరైనా చనిపోతే దాని కేసు వేరే.

కాల్చేటప్పుడే కాదు, పేలనప్పుడు కూడా ప్రమాదమే. ట్రిగ్గర్ నొక్కితే పేలలేదనుకోండి, మనోడు వెంటనే తుపాకీని తనవైపో పక్కోడి వైపో తిప్పి చూస్తాడు. మందు ఆలస్యంగా అంటుకుని కొన్ని క్షణాల తర్వాత పేలే అవకాశం ఉంది. అందుకే షూటింగ్ రేంజ్‌లో ఇలా జరిగితే గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి, కనీసం అర నిమిషం ఆగుతారు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టనివ్వరు. ఈ అలవాటు ఒక్కరోజులో రాదు, కోచ్ తిట్లు చాలా తినాలి.

ఇంకో భ్రమ, మ్యాగజైన్ తీస్తే తుపాకీ ఖాళీ అయిపోయిందనుకోవడం. ఛాంబర్‌లో ఒక తూటా మిగిలే ఉండొచ్చు. మ్యాగజైన్ తీశాక స్లయిడ్ వెనక్కి లాగి, లోపల కంటితో చూసి, వేలితో తడిమితేనే తెలుస్తుంది. సేఫ్టీ క్యాచ్‌ని నమ్ముకోవడం కూడా తప్పే, అదీ పాడయ్యే వస్తువే.

బరాత్‌లో ఎవరైనా తుపాకీ తీస్తే చేతిలోంచి లాక్కోవద్దు. ఆ పెనుగులాటలోనే పేలొచ్చు. ముందు బాజా ఆపించండి, పిల్లల్ని లోపలికి పంపండి, 112కి ఫోన్ కొట్టండి. తుపాకీ ఉన్న చుట్టం ఎవరో ఇంట్లో వాళ్లకు ముందే తెలుసు కాబట్టి, దావత్‌కి పిలిచేటప్పుడే పెద్దాయనెవరితోనైనా చెప్పించండి: ‘‘భాయ్, సామాన్ ఇంట్లోనే తాళం వేసి రండి.’’