మీకు తెలుసా? పారిస్‌లో కర్నూలు ఎండ!

పొలాలు, గుట్టల మీదుగా సాగే క్రాస్ కంట్రీ పరుగు ఒకప్పుడు ఒలింపిక్స్‌లో ఉండేది. 1924లో పారిస్‌లో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున 38 మంది బరిలోకి దిగితే, గమ్యం చేరింది 15 మందే. ఫిన్లాండ్ వీరుడు పావో నుర్మి గెలిచాడు. ఆ తర్వాత ఆ పోటీనే ఎత్తేశారు.

కర్నూలు, కడపల్లో మేలో అలాంటి ఎండ మామూలే. ఒంటిని దానికి అలవాటు చేయొచ్చు. రోజూ వేడిలో కొంచెం కొంచెంగా సమయం పెంచుతూ పరిగెత్తితే 10-14 రోజుల్లో చెమట త్వరగా పడుతుంది, రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, గుండె కొట్టుకునే వేగం తగ్గుతుంది. తొలి క్రాస్ కంట్రీ సీజన్‌కు సిద్ధమయ్యే పిల్లలు తెల్లవారుజామున కర్నూలు దగ్గరి జగన్నాథగట్టు వాలులోనో, కడప దగ్గరి పాలకొండల అంచునో మొదలుపెట్టాలి. నడి ఎండ జోలికి పోనేకూడదు. వాన పడ్డాక నల్లరేగడి చేలల్లో అసలు వద్దు. బూటు కింద మన్ను అట్టలు కట్టి, కాలు బరువెక్కి, చీలమండ మెలిపడుతుంది.